వార్డులో వాంతులు, విరేచనాలు మొదలైతే: మానసిక వైద్యశాల సిబ్బంది ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

పొద్దున డ్యూటీ మారేటప్పుడు "ఇద్దరికి లూజ్ మోషన్స్" అని రిపోర్టులో వినిపిస్తే జనరల్ ఆసుపత్రిలో అది చిన్న మాట. మానసిక వైద్యశాలలో ఇద్దరు చెప్పారంటే, చెప్పనివాళ్లు ఇంకొందరు ఉన్నారనే అనుకోవాలి. భోజనం ఒకే హాల్లో, బాత్‌రూములు అందరికీ కలిపి, కొందరైతే నెలల తరబడి అదే వార్డులో ఉంటారు. 2025 జూన్‌లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో పదుల సంఖ్యలో రోగులు ఒక్కసారిగా వాంతులు, విరేచనాల పాలయ్యారు. 2020 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని చెంగ్దో డేనామ్ ఆసుపత్రి సైకియాట్రీ వార్డులో వంద మందికి పైగా ఉన్న రోగుల్లో దాదాపు అందరికీ కోవిడ్ సోకింది. ఆ దేశంలో తొలి కోవిడ్ మరణం ఆ వార్డు రోగిదే.

కింద రాసినది వార్డు సిస్టర్లకు, డ్యూటీ డాక్టర్లకు, ఆర్‌ఎంఓలకు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్లకు). ఎక్కువ భాగం విరేచనాల గురించే, ఎందుకంటే గంటల్లో ప్రాణం తీసేది అదే. గజ్జి, ఫ్లూ గురించి చివర్లో క్లుప్తంగా ఉంది.

మొదటి గంట: అసలు ఎంతమందికో తేల్చండి

24 గంటల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు నీళ్ల విరేచనాలైనా, రెండుసార్లకు మించి వాంతులైనా ఆ మనిషిని కేసుగా రాయండి. ఒకే వార్డులో 72 గంటల లోపు ఇలాంటివి రెండు కనిపిస్తే వ్యాధి ప్రబలుతోందనే అనుకుని పని మొదలుపెట్టండి. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగొద్దు.

"ఎవరికైనా మోషన్స్ అవుతున్నాయా?" అని హాల్లో నిలబడి అడిగితే జవాబు రాదు. ఒకరు సిగ్గుపడతారు, ఒకరు మాట్లాడే స్థితిలోనే ఉండరు, ఇంకొకరు తన కడుపు నొప్పికి కారణం వేరే ఏదో అని నమ్ముతుంటారు. మంచం మంచం దగ్గరకు వెళ్లి "ఇవాళ ఎన్నిసార్లు వెళ్లావన్నా?" అని విడిగా అడగండి. అడగడం కంటే చూడటం మేలు: టిఫిన్‌కు రానివాళ్లు, పగలు ముడుచుకుని పడుకున్నవాళ్లు, బట్టలు, దుప్పటి తడిసినవాళ్లు, నిన్నటిదాకా గోలచేసి ఇవాళ ఉన్నట్టుండి సద్దుమణిగినవాళ్లు. ఈ చివరి రకాన్ని "జబ్బు నెమ్మదించింది" అని కేస్‌షీట్లో రాసే ప్రమాదం ఉంది. నాడి, బీపీ, టెంపరేచర్ చూడకుండా ఆ మాట రాయొద్దు. బాత్‌రూములు కడిగే ఆయాను తప్పక అడగండి. వార్డులో ఎవరికి ఏమవుతోందో ముందుగా ఆమెకే తెలుస్తుంది.

ఒక పెద్ద కాగితం మీద గీతలు గీసి పట్టిక పెట్టండి. పేరు, వయసు, మంచం నంబరు, మొదలైన తేదీతో పాటు గంట, వాంతులా విరేచనాలా, రక్తం పడుతోందా, జ్వరం ఉందా, ఎక్కడ ఏం తిన్నారు. ఇవన్నీ ఏ ఆసుపత్రిలోనైనా ఉంటాయి. మీ పట్టికలో ఇంకో గడి ఉండాలి: లిథియం (బైపోలార్ జబ్బుకు వాడే మందు) వాడుతున్నారా, క్లోజపైన్ (మొండి స్కిజోఫ్రెనియాకు వాడే మందు) వాడుతున్నారా. ఈ రెండు మందుల్లో ఏదున్నా ఆ పేరు ఎర్ర సిరాతో రాయండి.

మందుల చార్టు వెంటనే తెరవండి

ఇక్కడ ప్రాణం తీసేది క్రిమి ఒక్కటే కాదు, ఆ జబ్బు వల్ల రోజూ వేసే మందు విషంగా మారడం కూడా.

లిథియం సంగతి ముందు. విరేచనాలతో ఒంట్లో నీరు, సోడియం తగ్గగానే కిడ్నీ లిథియంను బయటకు వదలకుండా దాచుకుంటుంది. నిన్న లీటరుకు 0.8 మిల్లీఈక్వివలెంట్లు ఉన్న లెవెల్ 1.5 దాటడానికి ఎక్కువ సమయం పట్టదు. 2 దాటితే ప్రమాదం. చిక్కేమిటంటే లిథియం ఎక్కువైనప్పుడు కనిపించే తొలి లక్షణాలు కూడా వాంతులు, విరేచనాలే. కాబట్టి లిథియం రోగికి విరేచనాలైతే ఏది ముందు, ఏది వెనక అని వాదించుకోకుండా డోసు ఆపండి. లిథియం లెవెల్, క్రియాటినిన్, సోడియం పంపండి. లెవెల్‌కు రక్తం చివరి డోసు వేసిన 12 గంటలకు తీయడం పద్ధతి. కానీ చేతులు బాగా వణుకుతున్నా, నడక తూలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా 12 గంటలు చూడొద్దు, అప్పుడే తీసి, తీసిన సమయం రాయండి. నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ ఒక్కటే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లిథియం లెవెల్‌ను ఇంకా పెంచుతాయి. విరేచనాలు తగ్గి, లెవెల్ దిగాక మందు మళ్లీ మొదలుపెట్టే తేదీని చార్టులో ముందే రాయండి. ఆపిన లిథియాన్ని అలాగే మరిచిపోతే కొద్ది వారాల్లో మేనియాతో (అదుపులేని ఉద్రేకంతో) ఇంకో సమస్య తయారవుతుంది.

క్లోజపైన్ వాడేవారికి జ్వరం వస్తే ఆ రోజే సీబీసీ (రక్తకణాల లెక్క) పంపి, న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) అసలు సంఖ్య చూడండి, ఈ మందు వాటిని తగ్గించగలదు. మైక్రోలీటరుకు 1500 కంటే తక్కువైతే మందు ఆపి సైకియాట్రిస్టుకు చెప్పండి. 500 కంటే తక్కువైతే అది అత్యవసర స్థితి. కౌంటు బాగున్నా పని అయిపోదు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నంతకాలం కాలేయం క్లోజపైన్‌ను నెమ్మదిగా విరగ్గొడుతుంది, అదే డోసుతో లెవెల్ పెరిగి మత్తు, ఫిట్స్ రావచ్చు. ఐసోలేషన్‌లో పెట్టి బీడీ, సిగరెట్ ఉన్నట్టుండి మాన్పిస్తే లెవెల్ ఇంకా పెరుగుతుంది. ఇంకో తిరకాసు: క్లోజపైన్ వాడేవారికి మలబద్ధకం ఎక్కువ. గట్టిపడిన మలం పక్కనుంచి నీళ్లలా కారేదాన్ని విరేచనమని రాసేస్తారు. పొట్ట ఉబ్బి, గట్టిగా ఉంటే అది ఈ ప్రబలిన జబ్బు కాదు, పేగు కదలిక ఆగిపోతోందేమో చూడాలి. వాంతుల వల్ల క్లోజపైన్ 48 గంటలకు మించి కడుపులోకి వెళ్లకపోతే పాత డోసు నేరుగా ఇవ్వొద్దు. 12.5 మిల్లీగ్రాములతో మళ్లీ మొదటినుంచి.

క్లోర్‌ప్రోమజిన్, క్వెటియపైన్ లాంటివి వాడేవాళ్లు నీరు తగ్గగానే లేచి నిలబడితే బీపీ పడిపోయి కూలబడతారు. రాత్రి బాత్‌రూమ్‌కు పరుగెత్తేది వీళ్లే కాబట్టి తలకు దెబ్బలు తగిలేదీ వీళ్లకే. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూడండి.

ఆంటీబయాటిక్స్, వాంతుల మందులు రాసేటప్పుడు అలవాటుగా రాసే చెయ్యిని ఆపండి:

- సిప్రోఫ్లాక్సాసిన్ క్లోజపైన్ లెవెల్‌ను బాగా పెంచుతుంది, ఫిట్స్ ముప్పునూ పెంచుతుంది. క్లోజపైన్ రోగికి వద్దు.
- అజిత్రోమైసిన్, ఓండాన్‌సెట్రాన్, హాలోపెరిడాల్ మూడూ ఈసీజీలో క్యూటీని (గుండె ఒక్కో స్పందన తర్వాత మళ్లీ సిద్ధమయ్యే వ్యవధిని) పొడిగిస్తాయి, గుండె లయ తప్పొచ్చు. విరేచనాలతో పొటాషియం ముందే తగ్గి ఉంటుంది. ఈసీజీ తీయకుండా వీటిని కలపొద్దు.
- మెటోక్లోప్రమైడ్ వద్దు. ఆంటీసైకోటిక్ (భ్రమలు, భ్రాంతులు తగ్గించే మందు) మీద అది తోడైతే మెడ, దవడ బిగుసుకుంటాయి.
- లోపెరమైడ్ (విరేచనాలు ఆపే మాత్ర) రక్త విరేచనాలకు, జ్వరంతో కూడిన విరేచనాలకు అసలు వద్దు. క్లోజపైన్ రోగికి ఏ విరేచనానికీ వద్దు.

జ్వరంతో పాటు ఒళ్లు కొయ్యబారి, చెమటలు, గందరగోళం, బీపీ పైకీ కిందికీ ఊగడం కనిపిస్తే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ (ఆంటీసైకోటిక్ మందుల వల్ల వచ్చే ప్రాణాంతక స్థితి) అనుకుని ఆంటీసైకోటిక్ ఆపి సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే రక్తపరీక్ష) పంపండి. ప్రబలిన జబ్బు నడుస్తున్నప్పుడు దీన్ని "ఇంకో కేసు" అని పట్టికలో చేర్చి వదిలేయడం చాలా సులువు.

నీళ్లు పట్టించడం

20.5 గ్రాముల ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌కు కొలిచి ఒక లీటరు నీళ్లు. గ్లాసులో సగం ప్యాకెట్ వేసి ఇచ్చే అలవాటు ఉంటే ఈరోజే ఆపించండి, అలా ఇస్తే సోడియం గాఢత ఎక్కువై హాని. ఒక మోస్తరుగా నీరు తగ్గిన పెద్దవాళ్లకు మొదటి 4 గంటల్లో 2.2 నుంచి 4 లీటర్లు, ఆ తర్వాత విరేచనం అయినప్పుడల్లా ఒక గ్లాసు. నాడి అందకపోయినా, మగతగా ఉన్నా, తాగలేకపోయినా రింగర్ లాక్టేట్ ఎక్కించాలి: కిలోకు 30 ఎంఎల్ మొదటి అరగంటలో, 70 ఎంఎల్ తర్వాతి రెండున్నర గంటల్లో. 50 కిలోల మనిషికి ముందు లీటరున్నర, తర్వాత మూడున్నర లీటర్లు.

నీరు ఎంత తగ్గిందో అంచనా వేయడంలో ఇక్కడ ఒక మోసం ఉంది. ట్రైహెక్సిఫెనిడిల్ (ఆంటీసైకోటిక్‌ల వల్ల వచ్చే వణుకు, బిగుసుకోవడానికి ఇచ్చే మాత్ర) వేసుకునేవాళ్ల నోరు ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది. క్లోజపైన్ వాళ్లకు నీరు తగ్గినా చొంగ కారుతూనే ఉంటుంది. నాలుక చూసి తేల్చొద్దు. నాడి వేగం, బీపీ, చర్మం గిల్లి వదిలితే ఎంతసేపటికి సర్దుకుంటోంది, చివరిసారి మూత్రం ఎప్పుడు పోశారు, వీటిని నమ్మండి.

బాటిల్ మంచం పక్కన పెట్టి "తాగమ్మా" అని వెళ్లిపోతే సాయంత్రానికి అది అలాగే ఉంటుంది, లేదా పక్కమంచం ఆయన తాగేసి ఉంటాడు. ఒక అటెండెంట్‌కు నలుగురైదుగురు రోగుల్ని అప్పజెప్పి, పక్కన కూర్చుని గ్లాసు గ్లాసుగా తాగించమనండి, తాగిన గ్లాసుకు ఒక గీత. తిండిలో ఏదో కలిపారని అనుమానపడే రోగికి కలిపి తెచ్చిన ఓఆర్‌ఎస్ ఇస్తే విసిరికొడతాడు. సీల్ ఉన్న నీళ్ల బాటిల్, చింపని ప్యాకెట్ అతని చేతికే ఇచ్చి, అతనిచేతే కలిపించండి. కాటటోనియాలో (మాట, కదలిక లేకుండా బిగుసుకుపోయే స్థితిలో) ఉన్నవాళ్లకు నోట్లో బలవంతంగా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాళ్లకు మొదటినుంచే సెలైన్. దీనికి పూర్తిగా అటువైపు ఇంకొందరుంటారు. కుళాయి కింద నోరు పెట్టి రోజంతా నీళ్లు తాగేవాళ్లు. వాళ్లకు విరేచనాలు తోడైతే సోడియం పడిపోయి ఫిట్స్ వస్తాయి, కాబట్టి వాళ్లకు నీళ్లు కాదు, లెక్కపెట్టిన ఓఆర్‌ఎస్.

సెలైన్ ట్యూబు మెడకు చుట్టుకోవడానికి పనికొస్తుంది, స్టాండు కొట్టడానికి పనికొస్తుంది. సెలైన్ ఎక్కేవాళ్లందరినీ నర్సింగ్ స్టేషన్ ఎదురుగా ఒకేచోట పడుకోబెట్టి, ఎదుట ఒక మనిషిని కూర్చోబెట్టండి. సీసా అయిపోగానే ట్యూబుతో సహా తీసేయండి.

శాంపిల్, కబురు

ఆంటీబయాటిక్ మొదటి డోసు వేయకముందే నలుగురైదుగురు కొత్త రోగుల నుంచి మలం, కుదరకపోతే రెక్టల్ స్వాబ్ తీసి కారీ బ్లెయిర్ మీడియంలో (ల్యాబ్‌కు చేరేదాకా క్రిములను బతికించి ఉంచే పదార్థంలో) పంపండి. స్వాబ్ ఎందుకో రోగికి ముందు చెప్పాలి, ఒప్పుకోకపోతే వదిలేసి ఇంకొకరిని అడగాలి. లైంగిక హింస అనుభవించినవాళ్లు మన వార్డుల్లో ఉంటారు, పట్టుకుని తీయొద్దు. జిల్లా సర్వైలెన్స్ అధికారికి అదేరోజు ఫోన్ చేసి, ఐహెచ్‌ఐపీ (వ్యాధుల సమాచారం నమోదు చేసే ప్రభుత్వ) పోర్టల్‌లో ఎక్కించండి. "పేపర్లో వస్తుందేమో" అని రెండు రోజులు దాస్తే, రెండు రోజుల ఆలస్యంతో పాటు పేపర్లో కూడా వస్తుంది.

పట్టికలో గంటలు సరిగ్గా రాశారా? ఇప్పుడు అవి పనికొస్తాయి. తిన్న గంట నుంచి ఆరు గంటల్లో చాలామందికి వాంతులు ఎక్కువగా వస్తే వండి బయట ఉంచిన అన్నం, పులిహోర లాంటివాటిలో పుట్టే విషాన్ని అనుమానించాలి. 8 నుంచి 12 గంటలకు కడుపునొప్పి, విరేచనాలైతే పెద్ద గిన్నెలో వండి నెమ్మదిగా చల్లారిన కూర, సాంబారు. 12 నుంచి 48 గంటల తేడాతో ఒకరి తర్వాత ఒకరికి, చూసే సిబ్బందికి కూడా వస్తుంటే నోరోవైరస్ లాంటిది మనిషి నుంచి మనిషికి పాకుతోంది. బియ్యం కడిగిన నీళ్లలా ధారగా పోతుంటే కలరా, అప్పుడు పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్ 300 మిల్లీగ్రాములు ఒకే డోసు. నిన్న ఏం తిన్నావని రోగుల్ని అడిగి లాభం తక్కువ. డైట్ సెక్షన్ రిజిస్టర్ తీసి, ఏ క్యాన్ ఏ వార్డుకు వెళ్లిందో చూడండి. ఒకే వంట తిన్న రెండు వార్డుల్లో ఒకదానికే వస్తే తప్పు వంటలో కాదు, ఆ వార్డు నీళ్లలోనో వడ్డించిన చేతుల్లోనో ఉంది.

ప్రతి పూట వండినదాంట్లో కొంత శుభ్రమైన డబ్బాలో, తేదీ రాసి ఫ్రిజ్‌లో 72 గంటలు ఉంచే అలవాటు లేకపోతే ఇవాళ మొదలుపెట్టండి. కడుపు బాగాలేని వంటమనిషి, వడ్డించే మనిషి విరేచనాలు ఆగిన 48 గంటల దాకా వంటగది గడప తొక్కకూడదు. వాళ్లు కాంట్రాక్టు మీద ఉంటే ఆ రెండు రోజుల జీతం పోదని సూపరింటెండెంట్ నోటితో చెప్పించండి. లేకపోతే ఎవరూ తమ జబ్బు చెప్పరు, పనికి వస్తూనే ఉంటారు.

ఓవర్‌హెడ్ ట్యాంకుకు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ అనేది మొదలుపెట్టడానికి ఒక లెక్క మాత్రమే. గంట తర్వాత వార్డులో చివరి కుళాయి దగ్గర క్లోరోస్కోప్‌తో (నీళ్లలో మిగిలిన క్లోరిన్ కొలిచే పరికరంతో) చూసి, 0.5 పీపీఎం కనిపించేదాకా సరిచేయాలి. ట్యాంకు దగ్గర చూసి సంతకం పెడితే పైపు పగిలి మురుగు కలిసే చోటు తెలియదు.

వేరుగా ఉంచడం, బంధించడం కాదు

జబ్బుపడ్డవాళ్లను ఒక్కొక్కరిని ఒక్కో గదిలో పెట్టి తాళం వేయడం మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 97 ప్రకారం కుదరదు. ఒంటరిగా బంధించడాన్ని ఆ సెక్షన్ నిషేధించింది. కట్టేయడం కూడా వెంటనే ప్రాణాపాయం లాంటిది ముంచుకొస్తున్నప్పుడు, వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితోనే. సిబ్బంది తక్కువనే సాకు చెల్లదు. ఓఆర్‌ఎస్ తాగట్లేదని, మాస్కు పీకేస్తున్నాడని కట్టకూడదు.

కాబట్టి మనిషిని కాదు, గుంపును వేరు చేయండి. వార్డులో ఒక పక్కనున్న హాలును, దానికి దగ్గరి రెండు బాత్‌రూములను జబ్బుపడ్డవాళ్లకు ఇచ్చి, వాటి తలుపులకు రంగు కాగితం అంటించండి. రాసిన బోర్డు కంటే రంగు బాగా గుర్తుంటుంది. అటువైపు వెళ్లే సిస్టర్, అటెండెంట్ ఆ షిఫ్టులో ఇటు రాకూడదు, టీ కూడా అక్కడే. తిరుగుతూ ఉండేవాళ్లను తిరగనివ్వండి, కానీ ఆ హాలుకు ఆనుకున్న వరండాలో. కొత్త అడ్మిషన్లు ఆ వార్డులోకి ఆపండి, అక్కడి రోగుల్ని వేరే వార్డుకు మార్చడం కూడా ఆపండి. ఖాళీ లేదని ఇద్దర్ని పక్క వార్డుకు సర్దడంతోనే జబ్బు ఆసుపత్రంతా పాకుతుంది. ఇంటివాళ్లకు ఫోన్ చేసి విషయం చెప్పి, వీడియో కాల్ చేయించండి.

చేతులు, నేల, బట్టలు

హ్యాండ్ శానిటైజర్ గోడకు తగిలించొద్దు. మద్యం మానలేకపోతున్నవాళ్లు తాగేస్తారు. 50 నుంచి 100 ఎంఎల్ సీసా సిబ్బంది జేబులో ఉండాలి. అదీ విరేచనాల విషయంలో రెండో వరసే, నోరోవైరస్ మీద ఆల్కహాల్ సరిగా పనిచేయదు. సబ్బు, పారే నీళ్లు, 20 సెకన్లు. భోజనానికి ముందు ఐదుగురైదుగురిని సింకు దగ్గరకు తీసుకెళ్లి ఎదుటే కడిగించండి.

వాంతి, మలం పడిన చోటుకు 0.5 శాతం ద్రావణం: 10 లీటర్ల బకెట్‌కు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్, పౌడర్‌లో 33 శాతం క్లోరిన్ ఉందనుకుని. మామూలు నేలకు, తలుపు గడియలకు, కుళాయి పిడులకు 0.1 శాతం: బకెట్‌కు 30 గ్రాములు. కలిపి అరగంట ఆగి పైన తేరుకున్న నీళ్లే వాడాలి. ముందు గుడ్డతో మలినం ఎత్తేసి, తర్వాత ద్రావణం పోసి, 10 నిమిషాలు తడిగా ఉంచాలి. మలినం మీదే పోస్తే క్లోరిన్ అక్కడే ఖర్చయిపోతుంది. మూత తీసి నెలలైన బస్తాలో ఘాటు వాసన లేకపోతే అది సున్నంతో సమానం. బాత్‌రూమ్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. బకెట్ ఒక్క నిమిషం కూడా వార్డులో వదిలి పక్కకు పోవద్దు, తాగేవాళ్లుంటారు.

పెద్దాసుపత్రికి పంపేటప్పుడు

హైదరాబాద్‌లో అయితే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, గాంధీ. విశాఖలో అయితే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి). రోగితో మీ సిస్టర్ వెళ్లాలి, లేకపోతే "పిచ్చాసుపత్రి కేసు" అని చివరి మంచం మీద మిగిలిపోతాడు. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి పంపండి: వాడుతున్న మందులు, చివరి డోసు వేసిన గంట, ఏది ఆపామో ఎందుకు ఆపామో, ఏది ఇవ్వకూడదో. వాల్‌ప్రోయేట్ (ఫిట్స్‌కు, బైపోలార్‌కు వాడే మందు) మీద ఉన్నవాళ్లకు మెరోపెనెమ్ (ఆంటీబయాటిక్) ఇస్తే వాల్‌ప్రోయేట్ లెవెల్ కుప్పకూలి ఫిట్స్ వస్తాయని అందులో తప్పక రాయండి. అక్కడివాళ్లకు ఈ జోడీ రోజూ ఎదురయ్యేది కాదు.

గజ్జి, ఫ్లూ

గజ్జికి అందరికీ ఒకే రోజు వైద్యం, దురద లేనివాళ్లకు, సిబ్బందికి కూడా. 5 శాతం పెర్మెత్రిన్ క్రీము పెద్దవాళ్లకు సుమారు 30 గ్రాములు, మెడ నుంచి అరికాలి దాకా, గోళ్ల సందుల్లో కూడా రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి, వారానికి మళ్లీ. పూయించుకోని వాళ్లకు ఐవర్‌మెక్టిన్ కిలోకు 200 మైక్రోగ్రాములు, 7 నుంచి 14 రోజుల తేడాతో రెండు డోసులు. లిండేన్ వద్దు, ఫిట్స్ వస్తాయి. బట్టలు వేడినీళ్లలో ఉతకండి, ఉతకలేనివి మూడు రోజులు సంచిలో మూతి కట్టి పెట్టండి. చికిత్స తర్వాత రెండు మూడు వారాలు దురద ఉంటుంది, దాన్ని చూసి మళ్లీ మళ్లీ పూయకండి.

ఫ్లూలో కిటికీలు తెరిపించండి, మంచాలు దూరం జరపండి. మాస్కుల్లో ముక్కు దగ్గరి లోహపు తీగ తీసేసి ఇవ్వండి, తనకు తాను హాని చేసుకునేవాళ్లకు తాళ్లున్న మాస్కు వద్దు. రోజుకు రెండుసార్లు టెంపరేచర్, ఆక్సిజన్. ఆక్సిజన్ 94 శాతం కంటే దిగితే డాక్టర్‌కు కబురు. ఒసెల్టమివిర్ 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 5 రోజులు, కిడ్నీ బాగాలేకపోతే డోసు తగ్గించి.

వార్డు ఎప్పుడు తెరవాలి

కలరాకు చివరి కేసు తర్వాత 10 రోజులు, నోరోవైరస్‌కు చివరి మనిషికి విరేచనాలు ఆగాక 72 గంటలు. గజ్జికి మొదటిసారి సోకినవాళ్లలో దురద మొదలవడానికే 4 నుంచి 6 వారాలు పడుతుంది కాబట్టి దానికి రెట్టింపు, పన్నెండు వారాల పాటు వారానికోసారి చర్మం చూస్తూ ఉండాలి, వార్డు మూసి ఉంచనక్కర్లేదు. తెరిచే ముందు రోజు ఎర్ర సిరా పేర్లు మళ్లీ తీసి, ఆపిన ప్రతి లిథియం, ప్రతి క్లోజపైన్ ఇప్పుడు ఏ డోసులో ఉందో చార్టుతో సరిచూడండి.